ఎర్రర్ చూపించిన లైన్లోనే తప్పు ఉండాలా?

కంప్యూటర్ పాఠం: తల్లిదండ్రుల కోసం



మీ అబ్బాయో అమ్మాయో కంప్యూటర్ ముందు కూర్చుని ప్రోగ్రామ్ రాస్తుంటారు. తెర మీద ఎర్ర అక్షరాల్లో ఏదో వస్తుంది. ఏమైందని అడిగితే "నాలుగో లైన్లో ఎర్రర్" అంటారు. కాసేపటికి మళ్లీ అడిగితే "పోయింది" అంటారు. మనం సంతోషించి మన పనిలో పడిపోతాం.

ఈ నెల పాఠం ఆ "పోయింది" అనే మాట గురించే. ఎర్రర్ ఎలా పోయింది? కారణం దొరికితే పోయిందా? లేక కంప్యూటర్ నోరు మూయించారు కాబట్టి పోయిందా? ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. ఆ తేడా పట్టుకోవడానికి మీకు ప్రోగ్రామింగ్ రానక్కర్లేదు. ఏం అడగాలో తెలిస్తే చాలు. చివర్లో పిల్లలతో కలిసి చేయడానికి నాలుగు చిన్న లెక్కలు కూడా ఇచ్చాం.

ఒకే అక్షరాలు, రెండు అర్థాలు

ముందు మన తెలుగులోంచే మొదలుపెడదాం. "నూరు" అనే మాట తీసుకోండి. "నూరు రూపాయలు ఇవ్వు" అన్నప్పుడు అది సంఖ్య. "పచ్చడి నూరు" అన్నప్పుడు అది పని. "ఆరు" కూడా అంతే. "ఆరు గంటలకు రా" అంటే అంకె. "తడిబట్టలు ఆరాలి" అన్నప్పుడు అదే ఆరు ఎండడం. "ఏడు" అంటే అంకె, ఏడు అంటే సంవత్సరం కూడా.

మనకు ఇందులో తడబాటు రాదు. పక్కనున్న మాటలు చూసి, చెప్పే మనిషిని చూసి అర్థం చేసుకుంటాం. కానీ ఎవరో ఒక చీటీ మీద "నూరు" అని ఒక్క మాట రాసి పంపారనుకోండి. వంద పంపమన్నారా, పచ్చడి నూరమన్నారా? చీటీ చూసి చెప్పలేం.

కంప్యూటర్ ఎప్పుడూ ఆ చీటీ పట్టుకున్న మనిషి పరిస్థితిలోనే ఉంటుంది. దానికి మన ముఖం కనబడదు, మన ఉద్దేశం తెలియదు. అందుకే ప్రోగ్రామింగ్ భాషల్లో ప్రతి విలువకూ ఒక రకం ఉంటుంది. దాన్నే టైప్ అంటారు. పూర్ణసంఖ్య అయితే ఇంటీజర్, దశాంశం ఉంటే ఫ్లోట్, అక్షరాల వరస అయితే స్ట్రింగ్, అవును లేదా కాదు అని మాత్రమే చెప్పేదైతే బూలియన్.

ఇక్కడే పిల్లలకు మొదటి చిక్కు వస్తుంది. అంకెలతో రాసిందంతా సంఖ్యే అనుకుంటారు. అడ్మిషన్ నంబరు 00745 అనుకుందాం. దాన్ని సంఖ్యగా దాస్తే ముందున్న రెండు సున్నాలూ పోయి 745 అవుతుంది. సంఖ్యగా చూస్తే రెండూ ఒకటే. అడ్మిషన్ రిజిస్టరులో మాత్రం కాదు. ఇద్దరు పిల్లల అడ్మిషన్ నంబర్లు మనం ఎప్పుడైనా కూడతామా? కూడం. ఫోన్ నంబర్ల సగటు తీస్తామా? తీయం. అంటే అవి అంకెలతో రాసిన పేర్లు. వాటి రకం స్ట్రింగ్.

ఎక్సెల్‌లో దుకాణం లెక్కలు రాసే వారికి ఇంకో అనుభవం ఉంటుంది. గడిలో 9-2 అని కొడితే అది తేదీగా మారి కూర్చుంటుంది. మనం రాసింది తొమ్మిదో తరగతి రెండో సెక్షన్ కావచ్చు, బీరువాలో తొమ్మిదో అర రెండో వరస కావచ్చు. ఎక్సెల్ మాత్రం అడగకుండా తేదీ అనుకుంటుంది. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, జన్యువుల మీద పరిశోధన చేసే శాస్త్రవేత్తలు దీనితో ఏళ్ల తరబడి ఇబ్బంది పడ్డారు. కొన్ని జన్యువుల పేర్లు మార్చ్, సెప్ట్ అనే అక్షరాలతో మొదలై పక్కన ఒక అంకె ఉండేవి. ఎక్సెల్ వాటిని మార్చి నెల, సెప్టెంబరు నెల తేదీలుగా మార్చేసేది. చివరికి మనుషుల జన్యువులకు పేర్లు ఖరారు చేసే అంతర్జాతీయ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చింది. ఆ నిబంధనలు 2020లో ప్రచురించారు. రకం చెప్పకుండా వదిలేసిన విలువ ఎంత పని పెడుతుందో చూడండి.

అంకణం, టీఎంసీ, క్యూసెక్కు

ఇదంతా కంప్యూటర్లకే పరిమితమైన గొడవ అనుకోకండి. మన ఊళ్లలో ఇంటి స్థలం అంకణాల్లో చెబుతాం. అయితే అంకణం అంటే 36 చదరపు అడుగులు అనే లెక్క ఒకటుంది, 72 చదరపు అడుగులు అనే లెక్క ఇంకొకటుంది. "పది అంకణాలు" అన్న మాట మీద బేరం కుదిరితే అది 360 చదరపు అడుగులా, 720 చదరపు అడుగులా?

ఈ పొరపాటు ఎక్కడ బయటపడుతుందో గమనించండి. బేరం మాట్లాడుకున్న రోజు పడదు. అందరూ నవ్వుతూ టీ తాగి లేస్తారు. ముగ్గు పోసే రోజు మేస్త్రీ టేపు పట్టి, "మీరు చెప్పిన రెండు గదులు ఇందులో పట్టవు" అంటాడు. అప్పుడు అందరూ మేస్త్రీ కొలత మీద పడతారు. కొలిచి చెప్పింది ఆయన కాబట్టి తప్పు ఆయన దగ్గర ఉన్నట్టు కనిపిస్తుంది. నిజమైన తప్పు నెలరోజుల క్రితం చెప్పిన ఒక్క మాటలో ఉంది. ఈ మేస్త్రీని గుర్తుపెట్టుకోండి. కంపైలర్ చేసే పని కూడా ఇలాంటిదే.

అనంతసాగరం మండలంలోని సోమశిల జలాశయం సంగతి తీసుకోండి. పెన్నమ్మకు నీళ్లొచ్చే రోజుల్లో పేపర్లో మూడు అంకెలు వేస్తారు. నీటిమట్టం అడుగుల్లో ఉంటుంది. నిల్వ టీఎంసీల్లో ఉంటుంది. వచ్చే నీరు, పోయే నీరు క్యూసెక్కుల్లో ఉంటాయి. మూడూ అంకెలే. కానీ మూడు వేర్వేరు రకాలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగుల నీరు, అది పరిమాణం. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు, అది వేగం. సోమశిల సామర్థ్యం సుమారు 78 టీఎంసీలు. దానికి వచ్చే క్యూసెక్కులను నేరుగా కూడితే ఏదో ఒక అంకె వస్తుంది, అర్థం మాత్రం ఉండదు. ముందు కాలంతో గుణించాలి. రోజుకు 86,400 సెకన్లు. ఆ లెక్కన రోజంతా ఆగకుండా 11,574 క్యూసెక్కులు వస్తే అప్పటికి ఒక టీఎంసీ చేరుతుంది.

కాగితం మీద ఇలాంటి పొరపాటు చేస్తే లెక్కల మాస్టారు యూనిట్లు ఎక్కడని అడుగుతారు. కంప్యూటర్‌కు వట్టి అంకె ఇస్తే అడగదు. అమెరికా అంతరిక్ష సంస్థ నాసా 1998 డిసెంబరులో అంగారకుడి వాతావరణాన్ని గమనించడానికి ఒక నౌకను పంపింది. భూమి మీద లెక్క కట్టే ఒక ప్రోగ్రామ్ నౌకకు అందిన తోపును పౌండ్లలో ఇస్తే, ఆ లెక్క అందుకున్న ప్రోగ్రామ్ దాన్ని న్యూటన్లుగా చదివింది. రెంటికీ తేడా సుమారు నాలుగున్నర రెట్లు. 1999 సెప్టెంబరు 23న ఆ నౌక అంగారకుడికి అనుకున్నదానికంటే బాగా దగ్గరగా వెళ్లిపోయి, తిరిగి సంకేతం పంపలేదు. రెండు ప్రోగ్రాముల మధ్య నడిచింది వట్టి అంకె. అది ఏ రకం అంకె అన్నది ఆ అంకెలో లేదు.

మార్కుల ప్రోగ్రామ్: తప్పు ఒకచోట, ఎర్రర్ ఇంకోచోట

ఇప్పుడు మీ పిల్లలు రాసే ప్రోగ్రామ్‌కు వద్దాం. సీబీఎస్‌ఈ 11, 12 తరగతుల కంప్యూటర్ సైన్స్‌లో పైథాన్ భాష నేర్పుతారు. రెండు యూనిట్ టెస్టుల సగటు మార్కులు చెప్పే ప్రోగ్రామ్ ఇది. తెర మీద ఇంగ్లిషులో ఉంటుంది. ఇక్కడ మీకు వీలుగా తెలుగు అక్షరాల్లో ఇస్తున్నాం.

1. మొదటిది = ఇన్‌పుట్()
2. రెండోది = ఇన్‌పుట్()
3. మొత్తం = మొదటిది + రెండోది
4. సగటు = మొత్తం / 2
5. ప్రింట్(సగటు)

చదివితే చక్కగా ఉంది. మొదటి మార్కు తీసుకో, రెండోది తీసుకో, కూడు, రెండుతో భాగించు, చూపించు. కానీ నడిపితే నాలుగో లైన్లో ఎర్రర్ వస్తుంది. "భాగహారానికి ఈ రకాలు పనికిరావు: స్ట్రింగ్, ఇంటీజర్" అని దాని సారాంశం.

పిల్లవాడు నాలుగో లైనును పది సార్లు చదువుతాడు. అక్కడ తప్పు కనిపించదు, ఎందుకంటే అక్కడ తప్పు లేదు. తప్పు మొదటి రెండు లైన్లలో ఉంది. పైథాన్‌లో ఇన్‌పుట్ అనే ఫంక్షన్ మనం ఏం కొట్టినా అక్షరాలుగానే తీసుకుంటుంది. 4 అని కొడితే అది సంఖ్య నాలుగు కాదు, "4" అనే అక్షరం.

మరి మూడో లైన్లో కూడినప్పుడే ఎందుకు ఆపలేదు? ఎందుకంటే ప్లస్ గుర్తుకు రెండు అర్థాలు ఉన్నాయి. సంఖ్యల మధ్య ఉంటే కూడిక. స్ట్రింగుల మధ్య ఉంటే ఒకదాని పక్కన ఒకటి అతికించడం. మార్కులు 4, 5 అనుకుంటే మూడో లైన్లో వచ్చింది 9 కాదు, "45". పైథాన్ దృష్టిలో అది తప్పు కాదు. అక్షరాలు ఇచ్చారు, అతికించింది. భాగహారం గుర్తుకు మాత్రం అక్షరాలతో పనిలేదు. కాబట్టి అక్కడ ఆగి కేక పెట్టింది. ఇందాకటి మేస్త్రీ లాగే.

అసలు ప్రమాదం ఇక్కడి నుంచి మొదలవుతుంది. ఎర్రర్ నాలుగో లైన్లో వచ్చింది కాబట్టి చాలామంది పిల్లలు నాలుగో లైన్లోనే మందు వేస్తారు. మొత్తం అనే దాన్ని ఇంటీజర్‌గా మార్చేస్తారు:

4. సగటు = ఇంట్(మొత్తం) / 2

ఎర్రర్ పోయింది. ప్రోగ్రామ్ నడిచింది. జవాబు కూడా వచ్చింది: 22.5. పరీక్ష 25 మార్కులకు అయితే ఈ జవాబు చూడ్డానికి ఎంత బాగుందో చూడండి! నాలుగు, అయిదు మార్కులు వచ్చిన పిల్లవాడికి ఇరవై రెండున్నర సగటు పడింది. సరైన జవాబు 4.5. ఎర్రర్ ఉన్నప్పుడు ప్రోగ్రామ్ పనిచేయలేదు, అంతే. ఎర్రర్ పోయాక అది అబద్ధం చెప్పడం మొదలుపెట్టింది.

సరైన మందు పైన ఉంది. విలువ లోపలికి వచ్చే చోటే దాని రకం తేల్చేయాలి:

1. మొదటిది = ఇంట్(ఇన్‌పుట్())
2. రెండోది = ఇంట్(ఇన్‌పుట్())

అప్పుడు మూడో లైన్లో నిజంగా కూడిక జరుగుతుంది, నాలుగో లైన్లో ఏమీ మార్చక్కర్లేదు. ఐసీఎస్‌ఈ పిల్లలు నేర్చుకునే జావాలోనూ మార్కులను స్ట్రింగులుగా తీసుకుని కూడితే ఇదే జరుగుతుంది. అక్కడ ప్రోగ్రామ్ నడవకముందే కంపైలర్ ఆపుతుంది. ఆపే చోటు మాత్రం అదే: భాగహారం ఉన్న లైను.

కంపైలర్ ఎందుకు పక్కదారి చూపిస్తుంది?

మనం రాసిన ప్రోగ్రామ్‌ను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చేది కంపైలర్. మార్చే ముందు అంతా చదివి తనిఖీ చేస్తుంది. ముందుకు పోలేనంత తప్పు ఉంటే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అనుమానంగా ఉన్నా ముందుకు పోగలిగితే వార్నింగ్ ఇచ్చి పని కానిస్తుంది. ఇంత శ్రద్ధగా చదివే కంపైలర్ తప్పు చోటును ఎందుకు చూపిస్తుంది?

ఒక ఉదాహరణ. ఏదో దరఖాస్తు పెట్టడానికి వెళ్లారు. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు ఒకలా ఉంది, ఆధార్‌లో ఇంకోలా ఉంది. కౌంటర్లో ఉన్నాయన మొదట సర్టిఫికెట్ చూశాడు, తర్వాత ఆధార్ చూశాడు. "మీ ఆధార్‌లో తప్పుంది, సరిచేయించుకు రండి" అంటాడు. ఆయనకు నిజంగా తెలిసింది ఒక్కటే: రెండూ కలవడం లేదు. ఏది తప్పో ఆయనకు తెలియదు. రెండోసారి చూసిన కాగితం చేతిలో ఉంది కాబట్టి దాని పేరు చెప్పాడు. ముందు ఆధార్ చూసి ఉంటే సర్టిఫికెట్ తప్పనేవాడు.

కంపైలర్‌కూ అంతే. ఒకచోట ఈ విలువ అక్షరాలని తెలుస్తుంది, ఇంకోచోట సంఖ్యలా వాడుతున్నారని తెలుస్తుంది. రెండూ పొసగవు. పొసగని సంగతి రెండోచోట బయటపడుతుంది కాబట్టి ఆ లైను నంబరే చెబుతుంది.

కొన్ని భాషల్లో రకాన్ని మనం రాయనక్కర్లేదు, వాడకాన్ని బట్టి కంపైలరే ఊహించుకుంటుంది. ఈ పద్ధతికి గట్టి పునాది వేసినవారిలో బ్రిటన్ శాస్త్రవేత్త రాబిన్ మిల్నర్ ఒకరు. 1978లో ఆయన రాసిన పరిశోధన పత్రం ఇందులో పేరెన్నికగన్నది. 1991లో ఆయనకు ట్యూరింగ్ అవార్డు వచ్చింది. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి గారికి 1994లో వచ్చిందీ ఆ అవార్డే. ఇలా ఊహించుకునే పద్ధతిలో రాయడం సులువైంది గానీ, ఎర్రర్ వచ్చినప్పుడు అసలు తప్పు ఎక్కడుందో వెతకడం కష్టమైంది. 1986లోనే మిచెల్ వాండ్ అనే శాస్త్రవేత్త రకాల తప్పులకు మూలం ఎక్కడో కనిపెట్టడం గురించి ప్రత్యేకంగా ఒక పత్రం రాశారు. నాటి నుంచి నేటి వరకూ దీని మీద పని జరుగుతూనే ఉంది. అంటే మీ పిల్లలను తికమక పెట్టే విషయం పెద్ద పెద్ద శాస్త్రవేత్తలను కూడా తికమక పెట్టిందే. ఈ మాట పిల్లలకు తప్పకుండా చెప్పండి. "నాకు బుర్ర లేదు" అనుకునే పిల్లలకు ఇది పెద్ద ధైర్యం.

రెండో కారణం, ఒకే గుర్తుకు రెండు పనులు ఉండడం. పైథాన్‌లో జంటల జాబితా రాసేటప్పుడు రెండు జంటల మధ్య కామా మరిచిపోయారనుకోండి: [(1, 2) (3, 4)]. విలువ పక్కనే బ్రాకెట్ తెరిస్తే పైథాన్ దృష్టిలో "ఈ ఫంక్షన్‌ను పిలువు" అని అర్థం. కాబట్టి (1, 2) అనే జంటను ఫంక్షన్‌లా పిలుస్తున్నారని అనుకుని, "ఇది పిలవదగ్గది కాదు" అంటుంది. పిల్లలకు ఒక్క ముక్క అర్థం కాదు. వాళ్లు ఎవరినీ పిలవలేదు. 2019 అక్టోబరులో వచ్చిన పైథాన్ 3.8 నుంచి ఇలాంటిచోట కంపైల్ చేసేటప్పుడే వార్నింగ్ ఇస్తోంది, దాని చివర "కామా మరిచారేమో" అన్న సలహా కూడా చేర్చారు. అలాగే బ్రాకెట్ మూయడం మరిచిపోతే ఒకప్పుడు కింది లైన్లో ఎర్రర్ చూపించేది. 2021 అక్టోబరులో వచ్చిన 3.10 నుంచి, తెరిచిన బ్రాకెట్ ఏదో చూపించి "దీన్ని మూయలేదు" అని చెబుతోంది. కంపైలర్లు మెరుగవుతున్నాయి. అయినా అవి మన మనసులో మాట చదవలేవు.

నోరు మూయిస్తే ఏమవుతుంది?

మీ ఇంట్లో బీటెక్ చదివే పిల్లలుంటే సీ భాష గురించి అడగండి. ఆ భాషలో ఒక పాత నియమం ఉండేది. తనకు ముందుగా పరిచయం చేయని ఫంక్షన్ ఎదురైతే కంపైలర్ ఆగదు, "ఇది ఇంటీజర్ ఇస్తుంది కాబోలు" అని అనుకుని ముందుకు పోతుంది.

మెమరీలో చోటు అడిగే ఫంక్షన్ ఒకటుంది, పేరు మ్యాలక్. అది ఇచ్చేది ఇంటీజర్ కాదు, మెమరీలో ఒక చిరునామా. దాన్ని పరిచయం చేసే ఫైలును పైన చేర్చడం విద్యార్థి మరిచిపోతే కంపైలర్ అది ఇంటీజర్ అని ఊహించుకుంటుంది. తర్వాత ఆ విలువను చిరునామాలా వాడుతున్న లైను దగ్గర వార్నింగ్ ఇస్తుంది: "కాస్ట్ లేకుండా ఇంటీజర్‌ను చిరునామాగా మారుస్తున్నారు." కాస్ట్ అంటే "ఇది ఈ రకమే అనుకో" అని కంపైలర్‌కు గట్టిగా చెప్పడం. వార్నింగ్‌లో కాస్ట్ లేదన్నారు కాబట్టి విద్యార్థి కాస్ట్ చేరుస్తాడు. వార్నింగ్ పోతుంది. తప్పు ఎక్కడిదక్కడే ఉంటుంది.

పాత 32 బిట్ల యంత్రాల్లో ఇంటీజర్‌కు, చిరునామాకు సాధారణంగా ఒకే కొలత, నాలుగు బైట్లు. అందుకే ఈ తప్పు దాగిపోయేది. 64 బిట్ల యంత్రాలు వచ్చాక చిరునామా ఎనిమిది బైట్లయింది. ఇంటీజర్ నాలుగు బైట్లలోనే ఉంది. సగం చిరునామా తెగిపోతుంది. ఇంటి నంబరు ఉంచి ఊరి పేరు చింపేసిన ఉత్తరం ఎక్కడికి చేరుతుంది? ప్రోగ్రామ్ ఎక్కడో, ఎప్పుడో, సంబంధం లేనిచోట కూలిపోతుంది. కేక పెట్టాల్సిన కంపైలర్‌ను మనమే ముందు నోరు మూయించాం కదా.

1999 నాటి సీ ప్రమాణంలోనే ఈ ఊహించుకునే నియమం తీసేశారు. కానీ పాత ప్రోగ్రాములు ఆగిపోతాయని కంపైలర్లు చాలాకాలం వార్నింగ్‌తోనే సరిపెట్టాయి. ఎంతోమంది వాడే జీసీసీ కంపైలర్ 2024లో వచ్చిన 14వ రూపంలో దీన్ని మామూలుగానే ఎర్రర్‌గా మార్చింది. వార్నింగ్‌ను జనం పట్టించుకోరని తేలడానికి పాతికేళ్లు పట్టింది.

దాదాపు 40 సెకన్లు

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలో ఉన్నా 2022 దాకా మన నెల్లూరు జిల్లాదే. రాకెట్ పేరెత్తితే మన పిల్లల కళ్లు మెరుస్తాయి. కాబట్టి వాళ్లకు ఈ కథ చెప్పండి.

1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని ఫ్రెంచ్ గయానాలో, కౌరూ కేంద్రం నుంచి ఐరోపా దేశాల కొత్త రాకెట్ ఏరియన్ 5 మొదటిసారి ఎగిరింది. రాకెట్ ఏ దిశలో, ఎంత వేగంతో పోతోందో చెప్పే పరికరంలోని ప్రోగ్రామ్‌ను అంతకుముందటి ఏరియన్ 4 నుంచి తీసుకున్నారు. అందులో ఒకచోట 64 బిట్ల దశాంశ సంఖ్యను 16 బిట్ల పూర్ణసంఖ్యగా మార్చే పని ఉంది. 16 బిట్లలో పట్టే అతి పెద్ద విలువ 32,767. ఏరియన్ 4 నడకకు అది సరిపోయింది. ఏరియన్ 5 పక్కకు పోయే వేగం ఎక్కువ. ఆ సంఖ్య పట్టలేదు. ఇలా ఇబ్బంది పెట్టగల విలువలు ఏడు ఉంటే నాలుగింటికే రక్షణ పెట్టారు. ఇది మిగిలిన మూడింటిలో ఒకటి.

అసలు విషయం ఆ తర్వాత జరిగింది. పరికరం ఆగిపోతూ "నాలో లోపం వచ్చింది" అని తెలిపే అంకెల వరసను ప్రధాన కంప్యూటర్‌కు పంపింది. ప్రధాన కంప్యూటర్ ఆ వరసను లోపం కబురుగా చదవలేదు. రాకెట్ దిశను తెలిపే మామూలు విలువలుగా చదివింది! రాకెట్ పక్కకు పోయిందనుకుని ఇంజిన్ల మూతులను ఒక్కసారిగా తిప్పింది. నిటారుగా వెళుతున్న రాకెట్ ఒక పక్కకు వాలి, ఒత్తిడికి విరిగి, తనను తాను పేల్చేసుకుంది. ఎగిరి దాదాపు 40 సెకన్లయింది. లోపల నాలుగు ఉపగ్రహాలు ఉన్నాయి. రెండో పరికరం లేదా అంటే, ఉంది. కానీ అందులోనూ అదే ప్రోగ్రామ్. అది కూడా అదే కారణంతో ఆగిపోయింది.

హెచ్చరిక వచ్చింది. వచ్చిన హెచ్చరిక ఏ రకమో తెలియక దాన్ని ఇంకోలా చదివారు. చూసేవారికి ఇంజిన్ తిరగబడినట్టు కనిపించింది; కారణం ఎక్కడో ఒక అంకెను చిన్న గడిలో పెట్టబోవడంలో ఉంది.

మీరు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ఇకమీదట మీ పిల్లలు "ఎర్రర్ పోయింది" అన్నప్పుడు ఈ నాలుగు ప్రశ్నలు అడగండి. జవాబు మీకు తెలియనక్కర్లేదు. వాళ్లు మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాళ్లకు తెలిసినట్టే.

మొదటిది: "ఆ లైన్లోకి ఈ విలువ ఎక్కడి నుంచి వచ్చింది?" ఎర్రర్ వచ్చిన లైను నుంచి వెనక్కి నడవడం ఈ ప్రశ్న నేర్పుతుంది.

రెండోది: "ఇది కూడే అంకెనా, పేరులా వాడే అంకెనా?" రకం అంటే ఏమిటో ఇంతకంటే సులువుగా చెప్పలేం.

మూడోది: "నువ్వు ఏం మార్చావు? అది మారిస్తే ఎర్రర్ ఎందుకు పోయింది?" "ఏమో, పోయింది" అన్నారంటే పని ఇంకా పూర్తికాలేదని అర్థం. ఎర్రర్ మాటలను ఏఐ టూల్‌లో అతికించి జవాబు తెచ్చుకునే పిల్లలకు ఈ ప్రశ్న మరీ అవసరం. ఎర్రర్ మాటలు మాత్రమే ఇస్తే, ఆ మాటలు ఎలా పోగొట్టాలో చెప్పే సలహా రావచ్చు. పై లైన్లలో ఏముందో దానికి చూపించలేదు కదా.

నాలుగోది: "నోటితో చేయగల లెక్క ఒకటి ఇచ్చి చూశావా?" 4, 5 ఇచ్చి 4.5 వచ్చిందో లేదో చూసి ఉంటే ఇందాకటి 22.5 అప్పుడే దొరికిపోయేది.

ఇంకో మాట. ఒకేసారి ఇరవై ఎర్రర్లు వస్తే పిల్లలు బెదిరిపోతారు. అన్నిటికంటే పైనున్న దాన్ని మాత్రమే సరిచేసి మళ్లీ నడిపించమనండి. చాలాసార్లు మిగతావన్నీ దాని పిల్లలే. తల్లితో పాటే పోతాయి.

ఎర్రర్ వచ్చిందని కసరకండి. కసిరితే పిల్లలు ఎర్రర్‌ను దాచడం నేర్చుకుంటారు. ప్రోగ్రామ్‌లో దాచడానికి కాస్ట్ ఉంది, ప్రోగ్రెస్ కార్డు దాచడానికి స్కూల్ బ్యాగులో అడుగు అర ఉంది. కారణం దాకా వెళ్లడానికి గంట పట్టినా, ఆ గంటకు ఒక మెచ్చుకోలు ఇవ్వండి. ప్రాజెక్టులో ఎర్రర్ లేకపోవడం కంటే, వచ్చిన ఎర్రర్ కథ చెప్పగలగడం గొప్ప.

కలిసి చేసి చూడండి

1. హాజరు జాబితాలో ఒక కామా మరిచారు: ["రమ" "సీత", "గీత"]. పైథాన్‌ను లెక్కపెట్టమంటే ఎంతమంది అంటుంది? వార్నింగ్ వస్తుందా?

2. ఈ జాబితాలోనూ ఒక కామా లేదు: [10 -5, 7]. ఇందులో ఎన్ని విలువలు ఉన్నాయి? అవేమిటి?

3. జలాశయానికి రోజంతా 23,148 క్యూసెక్కులు వచ్చాయి, 11,574 క్యూసెక్కులు వదిలారు. మిగతా నష్టాలు లెక్కలోకి తీసుకోకపోతే రోజు చివరికి నిల్వ ఎంత పెరిగింది?

4. వీటిలో ఏవి సంఖ్యలు, ఏవి అంకెలతో రాసిన పేర్లు? వయసు, పిన్‌కోడ్, బరువు, ఆధార్ నంబరు, బస్సు నంబరు, తరగతి.

జవాబులు: 1. ఇద్దరే అంటుంది. పక్కపక్కనున్న స్ట్రింగులను పైథాన్ అతికిస్తుంది కాబట్టి "రమసీత" ఒకే పేరవుతుంది. వార్నింగ్ రాదు. 2. రెండే: 5, 7. మైనస్ గుర్తు ఇక్కడ రుణసంఖ్యకు గుర్తు కాకుండా తీసివేత అయిపోయింది. 3. ఒక టీఎంసీ. 4. వయసు, బరువు సంఖ్యలు. పిన్‌కోడ్, ఆధార్, బస్సు నంబరు పేర్లు. ఇక తరగతి సంగతి: అది 9 అయితే ఏడాదికి ఒకటి కూడతాం, కాబట్టి సంఖ్య అనిపిస్తుంది. మరి 9-బి అని రాస్తే? ఈ ఒక్కటీ మీ ఇంట్లో రాత్రి భోజనాల దగ్గర వాదించుకుని తేల్చండి.